డాష్‌బోర్డు మీద నీలం లైటు ఆరట్లేదు, వెనక లైట్లేమో అసలు వెలగట్లేదంట. ఎవరైనా చెప్పండి

ఖమ్మం కుర్రోడు

అందరికీ నమస్తే. దసరా ముందు ఒక సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాను, 2018 మోడల్. కారు నేర్చుకుని 8 నెలలే అయింది, అంతకుముందు అంతా బైకే. అమ్మినాయన కారుతో పాటు ఇచ్చే పుస్తకం పోయిందన్నాడు. పగలు నడపడం బాగానే వచ్చింది కానీ రాత్రయితే డాష్‌బోర్డు మీద వెలిగే బొమ్మల్లో ఏది దేనికో తెలియక టెన్షన్ వస్తోంది.

ముందు పోయిన ఆదివారం జరిగింది చెప్తాను. సాయంత్రం ఐదున్నరకి ఖమ్మంలో బయల్దేరి హైదరాబాద్ వస్తున్నాం, నేను, నా భార్య, అమ్మ. డిక్కీలో మూడు బియ్యం బస్తాలు. చీకటి పడింది, మీటర్ బోర్డు మొత్తం వెలుగుతోంది, ముందు రోడ్డు మీద కూడా కాస్త తెల్లగా వెలుతురు పడుతోంది, లైట్లు వేసే ఉన్నాయనుకున్నాను. సూర్యాపేటలో టీకి ఆగితే వెనకే వచ్చిన లారీ డ్రైవర్ దిగి నా దగ్గరికి వచ్చి, "తమ్ముడూ, నీ బండికి వెనక ఒక్క లైటు లేదు, దగ్గరికొచ్చేదాకా నాకు బండి కనపళ్లేదు" అన్నాడు. అమ్మ వెనక సీట్లోనే కూర్చుని ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చాక కూడా నాకు నిద్ర పట్టలేదు.

రెండోది, స్విచ్ తిప్పి హెడ్‌లైట్ వేస్తే నీలం రంగు బొమ్మ ఒకటి వచ్చి అలాగే ఉండిపోతోంది. ముందు వారం ఇల్లెందు వెళ్తుంటే ఎదురొచ్చిన ప్రతి లారీ నాకు డిప్పర్ కొట్టింది. మూడోది, స్విచ్ ఇంకాస్త తిప్పితే పసుపు రంగులో అలలాంటి గీత ఉన్న బొమ్మ వస్తోంది, అదేదో ఇంజన్ వార్నింగ్ అనుకుని వెంటనే కట్టేశాను. నాలుగోది, ఎడమ ఇండికేటర్ వేస్తే మాత్రం టిక్ టిక్ టిక్ అని చాలా ఫాస్ట్‌గా కొట్టుకుంటోంది, కుడిది మామూలుగానే ఉంది.

ఇవన్నీ ఒకే ప్రాబ్లమా, వేరువేరా? ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియట్లేదు.

కోదాడ రోజు ప్రయాణం

తమ్ముడూ, నాలుగూ నాలుగు వేరే విషయాలు, వాటిలో నిజంగా పాడైంది బహుశా ఒక్కటే, ఆ ఎడమ ఇండికేటర్. మిగతావి బొమ్మలు చదవడం వస్తే తీరిపోతాయి. నేను రోజూ కోదాడ నుంచి నల్గొండ దాకా తిరుగుతాను కాబట్టి ఈ బొమ్మలతోనే నా బతుకు.

ముందు రంగు చూడు. ఎరుపు అంటే బండి ఆపి చూసుకోమని, పసుపు అంటే జాగ్రత్తపడమని, ఆకుపచ్చ అంటే నువ్వు వేసింది ఆన్ అయిందని. నీలం కూడా ఏదో పాడైందని చెప్పేది కాదు, కానీ లైట్లలో దానికి ఒకటే అర్థం, హై బీమ్ ఆన్‌లో ఉందని. చీకట్లో ఆ రంగు కంట్లో పడాలనే దాన్ని విడిగా పెట్టారు. కొన్ని కార్లలో పొద్దున స్టార్ట్ చేయగానే ఇంకో నీలం బొమ్మ వస్తుంది, థర్మామీటర్ నీళ్లలో ముంచినట్టు ఉంటుంది, అది ఇంజన్ ఇంకా చల్లగా ఉందని చెప్పేది, దాన్ని దీంతో కలపకు.

ఇప్పుడు ఆకారం. హెడ్‌లైట్ బొమ్మలన్నీ డోలు సగానికి కోసినట్టు ఉంటాయి, దాంట్లోంచి గీతలు ఎడమవైపుకి వస్తాయి. గీతలు అడ్డంగా తిన్నగా ఉంటే వెలుగు దూరం పోతోందని, అంటే హై బీమ్. గీతలు కిందికి వాలి ఉంటే లో బీమ్, అది ఆకుపచ్చ. రెండు చిన్న దీపాలు వీపులు ఆనించుకున్నట్టు ఉండి రెండు పక్కలా కిరణాలు వస్తుంటే అది చిన్న లైట్లు, అంటే ముందు పార్క్ లైటు, వెనక ఎర్ర లైటు, నంబర్ ప్లేట్ లైటు. స్విచ్ మొదటి మెలికకి వచ్చేది అదే. నువ్వు సూర్యాపేట దాకా వచ్చినప్పుడు ఆ ఆకుపచ్చ బొమ్మ వెలిగి ఉండదు, గుర్తు తెచ్చుకుని చూడు.

నీలం ఎందుకు ఆరట్లేదంటే, స్టీరింగ్ వెనక ఉండే కుడిచేతి కాడని ఎవరో ముందుకి నెట్టి వదిలేసి ఉంటారు. హెడ్‌లైట్ వేయగానే నేరుగా హై బీమే వస్తుంది. కాడని నీ వైపు ఒక క్లిక్ లాగు, ఆరిపోతుంది. ఇంకా గట్టిగా లాగితే వెలిగి వదిలేయగానే ఆరేది డిప్పర్, దానికి కూడా క్షణం పాటు నీలమే వస్తుంది.

ఎదురు బండి వస్తున్నప్పుడు నీలం కనపడితే చాలు, వెంటనే దించు. ముందు పోయే బండి వెనక దగ్గరగా ఉన్నా అంతే, నీ వెలుగు అద్దంలోంచి ఆయన కళ్లలోనే పడుతుంది.

బ్రాంప్టన్ తెలుగోడు

కోదాడ అన్న చెప్పింది కరెక్ట్. వెనక లైట్ల సంగతి మాత్రం నేను కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇక్కడ కెనడాలో ఇది చాలా ఏళ్లు నడిచిన గొడవ.

నీ కారుకి ముందు తెల్లగా పడిన వెలుతురు హెడ్‌లైట్ కాదు, డీఆర్ఎల్, అంటే డేటైమ్ రన్నింగ్ లైటు. ఇంజన్ స్టార్ట్ అయితే చాలు దానంతట అదే వెలుగుతుంది, పగలు నీ బండి ఎదుటివాళ్లకి కనపడటానికి. చాలా కార్లలో అది వెలిగినప్పుడు వెనక ఒక్క లైటు కూడా వెలగదు. పాత కార్లలో ఈ చిక్కు రాలేదు, ఎందుకంటే లైట్ల స్విచ్ వేస్తేనే మీటర్ వెలిగేది, మీటర్ చీకటిగా ఉంటే లైట్లు వేయలేదని డ్రైవర్‌కి అర్థమైపోయేది. ఇప్పుడు మీటర్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. అదీ కాక సిటీలో వీధి లైట్లుంటాయి, రోడ్డు కనపడుతూనే ఉంటుంది, ఇంకేం అనుమానం వస్తుంది.

ఇక్కడ 1989 డిసెంబర్ నుంచి కొత్త బండ్లకి డీఆర్ఎల్ తప్పనిసరి. దాంతో ముందు వెలుగు, వెనక చీకటితో తిరిగే కార్లు ఎక్కువై, వాటిని దయ్యం బండ్లు అనే అర్థం వచ్చే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. చివరికి 2021 సెప్టెంబర్ నుంచి కొత్త బండ్లకి రూల్ మార్చారు. డీఆర్ఎల్‌తో పాటు వెనక లైట్లు కూడా వెలగాలి, లేదంటే చీకటి పడగానే లైట్లన్నీ వాటంతట అవే రావాలి, అదీ కాకపోతే డ్రైవర్ లైట్లు వేసేదాకా మీటర్ చీకటిగా ఉండాలి. ఈ మూడింటిలో కంపెనీ ఏదో ఒకటి పాటించాలి. నేను ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం మంచులో అలాంటి కారు ఒకటి నా ముందు ఉందని చివరి క్షణంలో చూశాను, బ్రేక్ మీద కాలు పెట్టిన ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నీ స్విచ్ మీద ఆటో అని ఉందేమో చూడు. ఉంటే అందులోనే వదిలేయి. కానీ వానలో, పొగమంచులో దాన్ని నమ్మకు, అది వెలుతురు ఎంతుందో మాత్రమే చూస్తుంది. తెల్లటి పొగమంచులో పగటిపూట దానికి వెలుతురు సరిపోతున్నట్టే ఉంటుంది, లైట్లు వేయదు. అప్పుడు నువ్వే చేత్తో తిప్పాలి.

బైకు నుంచి వచ్చావు కాబట్టి ఇంకొకటి. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర కొత్త బైకులకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉంటుంది, దానితో పాటు వెనకదీ. ఆ అలవాటుతో కారు కూడా తనే చూసుకుంటుందని అనిపిస్తుంది.

విజయవాడ ఆటోనగర్ ఎలక్ట్రీషియన్

ఎడమ ఇండికేటర్ సంగతి నేను చెప్తాను, 19 ఏళ్లుగా ఇదే పని.

ఫాస్ట్‌గా కొట్టుకుంటుందంటే ఆ పక్క ఒక బల్బు పోయింది. అది పాడవడం వల్ల వచ్చిన శబ్దం కాదు, నీకు చెప్పడానికే అలా పెట్టారు. ముందొక 21 వాట్ల బల్బు, వెనకొక 21 వాట్ల బల్బు, వాటికి పోయే కరెంట్‌ని ఫ్లాషర్, అంటే ఇండికేటర్‌ని కొట్టించే రిలే, చూస్తుంటుంది. ఒకటి పోతే కరెంట్ తగ్గుతుంది, తగ్గగానే స్పీడు పెరుగుతుంది. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టుకోవాలి. నాలుగు ఇండికేటర్లూ కలిపి వెలిగించి కారు చుట్టూ ఒక రౌండ్ తిరుగు, ఏది వెలగట్లేదో నీకే కనపడుతుంది.

బల్బు కొనేటప్పుడు ఒకటి చూసుకో. ఇండికేటర్ గ్లాసు తెల్లగా ఉంటే లోపల బల్బు నారింజ రంగుది ఉండాలి, గ్లాసే నారింజ రంగులో ఉంటే తెల్ల బల్బు. నారింజ బల్బుకి కింద పిన్నులు సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, కొంచెం పక్కకి ఉంటాయి, అందుకే ఒకదాని హోల్డర్‌లో ఇంకొకటి దూరదు. బలవంతంగా తిప్పి హోల్డర్ పాడుచేసినవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. బల్బు వెల వంద రూపాయల లోపే, హోల్డర్ పోతే దీనికి ఎన్నో రెట్లు.

సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి ఇంకో అనుమానం కూడా ఉంది. పాత ఓనర్ ఎడమవైపు ఎల్ఈడీ బల్బు వేయించి ఉంటే బల్బు బాగానే వెలుగుతుంది, అయినా ఇండికేటర్ ఫాస్ట్‌గానే కొట్టుకుంటుంది. ఎల్ఈడీ తినే కరెంట్ తక్కువ, ఫ్లాషర్‌కి బల్బు పోయినట్టే అనిపిస్తుంది. కంపెనీ బల్బే మళ్లీ పెట్టించు.

ఇంకో మాట. డాష్‌బోర్డు మీద ఆకుపచ్చ బొమ్మ వెలిగిందంటే నువ్వు స్విచ్ వేశావనే అర్థం, బయట బల్బు వెలుగుతోందని కాదు. బల్బు పోతే చెప్పే బొమ్మ కొన్ని కార్లకి ఉంటుంది, పసుపు రంగు బల్బులో ఆశ్చర్యార్థకం ఉంటుంది, నీ బడ్జెట్ కారుకి అది ఉండకపోవచ్చు. బ్రేక్ లైట్లు రెండూ పోయినా డాష్‌బోర్డు ఏమీ చెప్పని కార్లు నేను రోజూ చూస్తాను. ఒక్కడివే ఉంటే రాత్రిపూట ఏదైనా మూసి ఉన్న షాపు షట్టర్‌కి వెనక్కి పెట్టి బ్రేక్ నొక్కు, అద్దంలో రెండు పక్కలా ఎర్రగా పడుతోందా చూడు. చాలా బండ్లకి వెనక ఒకే బల్బులో రెండు తీగలుంటాయి, 5 వాట్లది రాత్రి లైటుకి, 21 వాట్లది బ్రేక్‌కి. ఒక తీగ తెగి ఇంకోటి వెలుగుతుంటే ఓనర్‌కి తెలియనే తెలియదు. బ్రేక్ నొక్కితే ఇండికేటర్ కూడా సన్నగా వెలుగుతుంటే మాత్రం బల్బు మార్చి లాభం లేదు, ఎర్త్, అంటే కరెంట్ బాడీకి తిరిగిపోయే కనెక్షన్, లూజయింది, దాన్ని శుభ్రం చేయించాలి.

ఖమ్మం కుర్రోడు

అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కూర్చుని అన్నీ చూశాను, నా భార్య వెనక నిలబడి చెప్పింది. చిన్న లైట్లు, బ్రేక్ లైట్లు రెండు పక్కలా బాగానే వెలుగుతున్నాయి, అంటే ఆ రోజు నేను స్విచ్ వేయనే లేదు. ఆటో లేదు నా కారుకి. ఎడమవైపు వెనక ఇండికేటర్ బల్బు నల్లగా మాడిపోయి ఉంది, మార్చాను, ఇప్పుడు రెండూ ఒకేలా కొట్టుకుంటున్నాయి.

నీలం కూడా కాడ లాగగానే ఆరిపోయింది. కానీ ఒక సందేహం మిగిలింది. రాత్రి మళ్లీ ఇల్లెందు వెళ్లాం, అయిదుగురం, డిక్కీ నిండా సామాను. నీలం లేదు, కిందికి వాలిన గీతల ఆకుపచ్చ బొమ్మే ఉంది, ప్రతిసారీ చూసుకున్నాను. అయినా ముగ్గురు నలుగురు డిప్పర్ కొట్టారు. ఎందుకు? ఆ పసుపు బొమ్మ గురించి కూడా ఎవరూ చెప్పలేదు.

రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్

బాబూ, నేను 31 ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపాను, అందులో సగం నైట్ సర్వీసులే. మీ సందేహానికి కారణం డిక్కీలోనే ఉంది. వెనక బరువు పెరిగితే బండి ముక్కు పైకి లేస్తుంది, ముక్కుతో పాటు హెడ్‌లైట్ కూడా లేస్తుంది. మీరు లో బీమ్‌లోనే ఉన్నారు, కానీ ఎదుటివాడికి అది హై బీమ్ లాగే పడుతుంది. స్టీరింగ్ కింద కుడి పక్కన 0, 1, 2, 3 అని అంకెలున్న చిన్న చక్రం ఉందేమో చూడండి, దాని మీద హెడ్‌లైట్ బొమ్మ ఉంటుంది. మీరొక్కరే ఉంటే 0, మనుషులూ సామానూ పెరిగే కొద్దీ అంకె పెంచాలి, వెలుగు కిందికి దిగుతుంది. సామాను దించాక మళ్లీ 0కి తేవడం మర్చిపోకండి, లేకపోతే మీకు రోడ్డు దూరం కనపడదు. ఖరీదైన కార్లలో ఈ పని దానంతట అదే జరుగుతుంది, అది చెడిపోతే హెడ్‌లైట్ బొమ్మ పక్కన పైకీ కిందికీ బాణాలతో పసుపు లైటు వస్తుంది.

చక్రం సరిచేశాక కూడా ఖాళీ బండితో డిప్పర్ కొడుతుంటే హెడ్‌లైట్ సెట్టింగే తప్పింది. గోడ ముందు పెట్టి సరిచేయించండి.

ఇక ఆ అల గీత. అల అంటే పొగమంచు. వాలిన గీతల మీదుగా అల పోతూ, బొమ్మ ఎడమకి తిరిగి ఆకుపచ్చగా ఉంటే అది ముందు ఫాగ్ లైటు. అడ్డంగా ఉన్న గీతల మీద అల ఉండి, బొమ్మ కుడికి తిరిగి పసుపుగా ఉంటే అది వెనక ఫాగ్ లైటు. మీరు చూసింది అదే, ఇంజన్‌కి దానికి సంబంధం లేదు. పసుపు ఎందుకు పెట్టారంటే, మామూలు వెనక లైటు 5 వాట్లయితే ఇది 21, అంటే బ్రేక్ లైటంత వెలుగు ఆగకుండా వెనకవాడి మొహం మీద కొడుతూ ఉంటుంది. మర్చిపోవద్దని గుర్తుచేసే పసుపు అది. మంచు లేని రాత్రి దాన్ని వేసుకుని పోయే కారు వెనక నేను గంటసేపు నడిపిన రోజులున్నాయి, కళ్లు మండిపోతాయి, పైగా వాడు నిజంగా బ్రేక్ వేస్తే తేడా తెలియదు.

అది కావాల్సిన చోటు వేరు. డిసెంబర్, జనవరిలో తెల్లారుజామున లంబసింగి వైపు, అరకు ఘాట్‌లో పోయినవాళ్లకి తెలుసు, ముందు బండి ఉందో లేదో పది గజాల దూరంలో కూడా కనపడదు. అక్కడ వేయండి. మంచు విడగానే ఆపేయండి. అలాంటి మంచులో హై బీమ్ మాత్రం వేయకండి, వెలుగంతా మంచుకి కొట్టుకుని మీ కళ్లలోకే తిరిగొస్తుంది, తెల్ల గోడ నిలబెట్టినట్టు ఉంటుంది. లో బీమ్, కిందికి కొట్టే ముందు ఫాగ్ లైటు, అంతే.

హైదరాబాద్ అమ్మాయి

సర్, అడగొచ్చా, నా కారుకి ఆ వెనక ఫాగ్ వేస్తే కుడివైపు ఒక్కటే వెలుగుతోంది. ఎడమది పోయిందని సర్వీస్ సెంటర్‌లో బల్బు మార్చమన్నాను, వాళ్లేమో అటు హోల్డరే లేదంటున్నారు. నిజమేనా?

ఇంకోటి, మా ఆఫీసులో అందరూ వానలో "పార్కింగ్ లైట్లు వేసుకుని వెళ్లు" అంటారు. పార్కింగ్ లైట్లంటే కోదాడ గారు చెప్పిన చిన్న లైట్లా, లేక ఎర్ర త్రికోణం బటన్ నొక్కితే వచ్చేవా?

రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్

వాళ్లు చెప్పింది నిజమే అమ్మా. చాలా కార్లకి వెనక ఫాగ్ ఒకటే ఇస్తారు. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి అది కుడివైపు ఉంటుంది. ఒకటే ఉంటే బ్రేక్ లైట్లతో కలిసిపోదు కూడా.

మన దగ్గర పార్కింగ్ లైట్లు అనే మాటని రెండింటికీ వాడేస్తారు, అక్కడే వస్తుంది చిక్కు. ఎర్ర త్రికోణం నొక్కితే రెండు ఆకుపచ్చ బాణాలూ కలిసి కొట్టుకుంటాయి, అది బండి ఆగిపోయినప్పుడు వెనకవాళ్లకి చెప్పడానికి. నడుస్తున్న బండికి అది వేస్తే మీరు లేన్ మారేటప్పుడు ఇండికేటర్ వేసినా ఎవరికీ తెలియదు. వానలో ఔటర్ రింగ్ రోడ్డు మీద చూడండి, కార్లన్నీ నాలుగు లైట్లు కొట్టుకుంటూ పోతుంటాయి, ఏది ఆగిందో ఏది నడుస్తోందో అర్థం కాదు. వానలో లో బీమ్ వేయండి, దాంతో వెనక ఎర్ర లైట్లు అవే వస్తాయి. ముందు బండ్లన్నీ హఠాత్తుగా ఆగిపోతే కాసేపు ఆ బటన్ నొక్కండి, వెనకవాళ్లు నెమ్మదించాక తీసేయండి.

కోదాడ రోజు ప్రయాణం

పార్కింగ్ లైటు అన్నారు కాబట్టి ఇంకొకటి గుర్తొచ్చింది. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లు వాడేవాళ్లు చూసుకోండి, చాలా మోడళ్లలో ఇండికేటర్ కాడ ఒక పక్కకి ఉండగా కారు కట్టేస్తే ఆ పక్క చిన్న లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి. ఇరుకు వీధుల్లో పక్కన ఆపినప్పుడు కనపడాలని పెట్టారు. మా బావమరిది ఇది తెలియక వైరింగ్ షార్ట్ అయిందని రెండు షాపులు తిరిగాడు.

ఖమ్మం కుర్రోడు

ఆ చక్రం ఉంది బాబాయ్, స్టీరింగ్ కిందే, ఇన్నాళ్లూ 0లోనే ఉంది. ఇవాళ అమ్మని దింపడానికి మళ్లీ ఖమ్మం వెళ్లాను, వెనక ముగ్గురు, డిక్కీ సగం నిండింది, 2లో పెట్టాను. దారిలో ఒక్కరు కూడా డిప్పర్ కొట్టలేదు. ఐదుంబావుకే సూర్యాపేట చేరాం, ఇంకా వెలుతురు ఉండగానే స్విచ్ తిప్పి, ఆ రెండు దీపాల ఆకుపచ్చ బొమ్మ వచ్చిందో లేదో చూసుకుని, దిగి వెనక్కి వెళ్లి లైట్లు కూడా చూసొచ్చాను. మళ్లీ ఎక్కుతుంటే అమ్మ అడిగింది, "వెలుగుతున్నాయా?" అని. వెలుగుతున్నాయన్నాను.